అందరి నొప్పీ మూడే

ఆస్పత్రి కింది అంతస్తులో, బట్టలుతికే మిషన్ల పక్క గదిలో, పన్నెండు కుర్చీలు, రబ్బరు పట్టీలు, రెండు చెక్క మెట్లు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా ఒకావిడ క్యాన్సర్ వచ్చినవాళ్ల చేత వ్యాయామం చేయిస్తోంది. రోగులు ఆవిడను డ్రిల్లు మేడం అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది?

చేరిన కొత్తలో పెద్ద డాక్టర్లు నవ్వారు. మందు ఎక్కించుకున్న మనిషికి విశ్రాంతి కావాలి గానీ కసరత్తులేమిటమ్మా అన్నారు. మేడం ఊరుకునే రకమా! పడుకుంటే కండ కరుగుతుంది, కండ కరిగితే మనిషి మంచానికి అతుక్కుపోతాడు అని వార్డు వార్డూ తిరిగి పోట్లాడింది. కాళ్లావేళ్లా పడి ఈ గది సంపాదించింది. మంచం దిగలేమన్నవాళ్లు ఇక్కడ నడిచారు. చివరికి ఆ నవ్విన డాక్టర్లే చీటీలు రాసి పంపడం మొదలుపెట్టారు.

ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. రోజూ మొదలుపెట్టే ముందు నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కరినీ అడుగుతుంది, పదిలో నొప్పి ఎంత అని. మూడు దాకా అయితే వ్యాయామం. మూడు దాటిందా, చేతిలో స్కానింగ్ చీటీ పెట్టి ఇంటికి పంపేస్తుంది. జబ్బు ఎముకలోకి పాకిన మనిషిని మెట్టెక్కిస్తే ఎముక విరుగుతుందని ఆవిడ భయం. మంచి పద్ధతే. కాగితం మీద అన్ని పద్ధతులూ మంచివే.

పోయినేడాది ఆవిడ అక్కకే రొమ్ములో వచ్చింది. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసి, తిట్టి, చదివించి మనిషిని చేసింది ఆ అక్కే. అలాంటి మనిషి ఆపరేషన్ అయ్యాక గోడవైపు తిరిగి పడుకుంది. చెల్లెలు రోజూ వెళ్లి ప్రాణం తోడేసింది.

"లేవక్కా. బడికి వెళ్లనంటే వీపు మీద రెండిచ్చి లేపేదానివి. ఇప్పుడు నా వంతు."

"కొడతావా ఏమిటే?"

"లేవకపోతే చూడు."

అక్క లేచింది. పన్నెండో కుర్చీ ఆవిడదైంది. నెల తిరిగేసరికి చెక్క మెట్టు ఎక్కి దిగింది. ఆ రోజు డ్రిల్లు మేడం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఇరవై రెండేళ్లలో ఎవరికీ కొట్టలేదు, జనం నోరు తెరుచుకుని చూశారు.

తరవాత కొన్నాళ్లకు అక్క కుడికాలు కొంచెం ఈడ్చినట్టు మేడానికి అనిపించింది. నొప్పి ఎంత అని అడిగింది. మూడే అంది అక్క. మేడం మూడు అని రాసుకుంది. కాలు కళ్లెదుటే ఉంది, ఆవిడ మాత్రం నోటుబుక్కును నమ్మింది.

మొన్న మంగళవారం పదిన్నరకు అక్క కుడికాలు మెట్టు మీద మోపి లేవబోయింది. ఎండుకర్ర విరిగిన చప్పుడు. పక్క గదిలో మిషన్లు తిరుగుతున్నా అందరికీ వినిపించింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూపించాడు. తొడ ఎముక లోపలంతా చెద తిన్నట్టుంది.

"ఇది నిన్నమొన్నటిది కాదు మేడం. మూడు నెలల పైమాటే. అడుగడుక్కీ ప్రాణం పోయేంత నొప్పి ఉండి ఉండాలి. మీకేం చెప్పలేదా?"

"మూడంది."

లోపల కడ్డీ వేశారు. ఇక నడవడం ఉండదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

ఆ సాయంత్రం మేడం పాత నోటుబుక్కులన్నీ ముందేసుకుంది. దర్జీ మూడు, లెక్కల మాస్టారు మూడు, నర్సమ్మ మూడు. వెనక్కి ఏళ్ల తరబడి తిప్పింది. అందరి నొప్పీ మూడే.

గురువారం క్లాసులో పదకొండు మంది కూర్చున్నారు. "మూడు చెప్పమని మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

రిటైరైన బస్సు కండక్టరు లేచాడు. "నేనే మేడం. నాకు ముందొకాయన చెప్పాడు. కొత్తవాళ్లకు గుమ్మం దగ్గరే చెప్పేస్తాను. మీ అక్కగారికీ చెప్పాను."

"ఎందుకయ్యా?"

"నాలుగంటే పంపించేస్తారు కదా. ఇంటికెళ్తే మా మొహాలు చూసి అందరూ ఏడుపు దిగమింగుకుంటారు. బాగున్నవాళ్లను తిట్టినట్టు మమ్మల్ని తిట్టేది మీరొక్కరే."

మేడం కలం తీసింది. "ఎవరినీ ఇంటికి పంపను. నిజం చెప్పండి."

దర్జీ ఆరు అంది. మాస్టారు ఐదు. తల వంచుకుని కండక్టరు ఎనిమిది అన్నాడు. మేడం పదకొండు స్కానింగ్ చీటీలు రాసింది. ఆ రోజు ఎవరూ చెయ్యి కూడా ఎత్తలేదు, ఎవరూ ఇంటికీ వెళ్లలేదు. గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నారు.

అక్కడి నుంచి పై అంతస్తుకి వెళ్లింది. అక్క కాలి కింద రెండు దిళ్లు పెట్టి ఉన్నాయి.

"మూడు," అంది అక్క, అడక్కముందే.

"నోటుబుక్కు తేలేదక్కా. ఎంత చెప్పినా ఇక్కడే కూర్చుంటాను. నిజం చెప్పు."

అక్క పైకప్పు కేసి చూసింది. "తొమ్మిది."

"మొదలైంది ఎప్పుడు?"

"మెట్టెక్కాను చూడు, అప్పటికే ఆరో ఏడో ఉంది. చెబుదామనే దిగాను. నువ్వు చప్పట్లు కొడుతున్నావు. అమ్మ పోయాక నీ మొహంలో అంత సంతోషం నేను చూడలేదే. ఇంకెలా చెప్పను?"

డ్రిల్లు మేడం తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది.