అఫర్డ్ చెయ్యగలరా

"డబ్బులున్నాయా?" అని ఎవరినీ అడగకూడదు. ఖమ్మంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో చేరిన రోజే ఆతియాకు మేనేజర్ నేర్పిన మొదటి పాఠం ఇది. అలా అడిగితే జనానికి రోషం వస్తుంది. "అఫర్డ్ చెయ్యగలరా?" అనాలి. ఇంకా మర్యాదగా కావాలంటే "మీ బడ్జెట్ ఎలా ఉందండీ?" అనాలి. లోపల డాక్టర్ల దగ్గరైతే పేయింగ్ కెపాసిటీ అనాలి. లేనివాళ్లను నాన్ అఫర్డింగ్ అనాలి. లేమికి ఇంగ్లీషులో ఎన్ని చొక్కాలు తొడగొచ్చో ఆర్నెల్లలోనే తెలిసిపోయింది ఆ పిల్లకు.

ఇంకో సంగతీ తెలిసింది. తెలుగులో అడిగితే "యాడున్నయమ్మా" అని ఠక్కున అనేసే మనుషులు ఇంగ్లీషులో అడిగితే అనరు, తల ఊపుతారు. కాదంటే ఆ మాట అర్థం కాలేదనుకుంటారేమోనని కొందరు, అర్థమైంది గనకే సిగ్గుపడి కొందరు. ఫారంలో ఆ ప్రశ్నకు యెస్, నో అని రెండే గళ్లు. నో అయితే అప్పటికప్పుడు అంబులెన్సు పిలిచి, మందూ మంచమూ ఉచితంగా దొరికే పెద్దాసుపత్రికి పంపేస్తారు. యెస్ అయితే లోపలికి.

ఆతియాది మణుగూరు. తండ్రి మహబూబ్ అలీ అక్కడి బజారులో దర్జీ. బొగ్గుగని వాళ్ల యూనిఫారాలు కుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు లోకంలో రెండే కులాలు: పర్మినెంటు, కాంట్రాక్టు. పర్మినెంటు వాడికి క్వార్టరుంటుంది, కంపెనీ దవాఖానా ఉంటుంది, రోగం ముదిరితే పై ఆసుపత్రికి లెటర్ రాసిస్తారు. ఆ లెటరుంటే చేతి నుంచి పైసా కదలదు. కాంట్రాక్టు వాడికి అదే దుమ్ము, అదే ఎండ, లెటర్ మాత్రం ఉండదు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి మంగయ్య తన భార్య బతుకమ్మను తీసుకొచ్చాడు. జూలూరుపాడు దగ్గర అత్తగారింటికి ఇద్దరూ చుట్టపుచూపుగా వచ్చారు. తెల్లవారుజామున పక్కలోకి దూరిన కట్లపాము ఆమెను కరిచింది. కనురెప్పలు వాలిపోయాయి, నాలుక తిరగడం లేదు. డ్యూటీ డాక్టరు చూసి, "వెంటిలేటర్ పెట్టాలి. కొన్ని రోజులు పట్టొచ్చు. అఫర్డింగేనా కనుక్కో" అన్నాడు ఆతియాతో.

మంగయ్య ఒంటిమీద గని యూనిఫారం ఉంది. భుజాల దగ్గర జారిపోతోంది, అతని కొలతకు కుట్టింది కాదు. దర్జీ కూతురికి ఆమాత్రం తెలియదా! అయినా అత్తారింటికి ఎవరైనా డ్యూటీ బట్టలతో వస్తారా? అతని పక్కనే బతుకమ్మ తమ్ముడు తిరుపతి, బావ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"అఫర్డ్ చెయ్యగలరా అన్నా? రోజులు పడతయంటున్నరు."

"చేస్తం మేడం. నేను కంపెనీల పర్మినెంటు. జల్దీ లోపలికి తీస్కపోండ్రి" అన్నాడు మంగయ్య.

"లెటరుందా?"

అతను బావమరిది వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆతియాకు కనబడింది. "తెస్తున్నరు. రేపటికల్లా వస్తది."

పర్మినెంటు వాళ్లు ముందు లెటర్ బల్లమీద పెట్టి, తర్వాత పేషంటు పేరు చెప్తారు. ఈ మనిషి కాంట్రాక్టు. పర్మినెంటని చెప్పి పిల్లను చేసుకున్నాడు, ఇంకా ఆ అబద్ధాన్నే తొడుక్కుని తిరుగుతున్నాడు. ఆతియాకు అంతా అర్థమైపోయింది. పెద్దాసుపత్రిలో రెండు వెంటిలేటర్లు ఖాళీగా ఉన్నాయని ఆ పొద్దున్నే ఫోనుకు మెసేజి వచ్చింది కూడా.

నో అని టిక్కు పెట్టాలంటే తిరుపతి ముందు ఒక్క మాట అడగాలి. అత్తింటి మనిషి ఎదుట మగవాడి గుట్టు విప్పాలి. ఆమె పెరిగిన ఇంట్లో అది చెయ్యరాని పని. పర్మినెంటుగా కనబడాలని కాంట్రాక్టు వాళ్లు ఎరువు తెచ్చుకున్న యూనిఫారాలు పట్టుకొచ్చి లూజు తగ్గించమంటే మహబూబ్ అలీ కిమ్మనకుండా కుట్టిచ్చేవాడు, ఎవరిదని ఒక్కనాడూ అడిగినవాడు కాదు. ఒంటరిగా దొరికినప్పుడు అడుగుదాంలే అనుకుంది ఆతియా. దయ అనుకుంది దాన్ని. దయా కాదు, పాడూ కాదు, ఉత్త మొహమాటం. యెస్ దగ్గర టిక్కు పెట్టింది.

మంగళవారం టీ బండి దగ్గర మంగయ్య ఒక్కడే దొరికాడు. "అన్నా, నిజం చెప్పు. పెద్దదవాఖానకు పంపిద్దమా?" అని అడిగింది. "లెటర్ వస్తది మేడం" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ. బుధవారమూ అదే మాట. అడ్వాన్సు కోసం అప్పటికే తన మోటారుసైకిలు అమ్మేశాడని ఆమెకు తర్వాత తెలిసింది.

గురువారానికి ఆ అడ్వాన్సు అయిపోయింది. మధ్యాహ్నానికి పేషంటును మార్చాలని మేనేజర్ చెప్పాడు. ఆతియా పెద్దాసుపత్రికి ఫోను చేసింది. ఖాళీగా ఉన్న ఆ రెండు వెంటిలేటర్ మంచాలూ సోమవారం సాయంత్రానికే నిండిపోయాయట. వరంగల్లు పంపండి అన్నారు. చేత్తో గాలిసంచి నొక్కి ఊపిరి కొడుతూ అంబులెన్సులో తీసుకెళ్లారు. దారిలో మరిపెడ దాటకముందే బతుకమ్మ పోయింది.

పది రోజుల తర్వాత తిరుపతి అక్క కేసు కాగితాల కోసం వచ్చాడు. సంతకం పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"మేడం, మా బావ కాంట్రాక్టని మీకు ఆ పొద్దే తెల్సా?"

అబద్ధం చెప్పడానికి ఆతియాకు నోరు రాలేదు. "తెలుసు."

"మరి గట్లెందుకు రాసిన్రు?"

"నువ్వు పక్కనే ఉన్నవు గదా. నీ ముందట ఆయన పరువు పోతదని."

తిరుపతి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మాకు తెల్సు మేడం. పెండ్లయిన ఆర్నెల్లకే అక్క చెప్పింది. అల్లుడు చిన్నబోతడు, ఎవ్వరు నోరెత్తొద్దని మా నాయన అన్నడు. ఆ పొద్దు మీ టేబుల్ కాడ నా నోటిదాంక వచ్చింది, మా బావ కాంట్రాక్టే, పెద్దదవాఖానకు పంపుండ్రి అని. ఆయన ముందట ఎట్లంట?"

ఆతియాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. స్ట్రెచరు మీద ఒక మనిషి ఊపిరికి కొట్టుకుంటుంటే, చుట్టూ నిలబడ్డ ముగ్గురూ ఒకే మాట మింగేశారు. ఒకరికొకరు మర్యాద చేసుకున్నారు.

తిరుపతి వెళ్లబోతూ ఆగాడు. "లెటర్ లేటయిందనే చెప్పుకుంట తిరుగుతున్నడు మా బావ. బిల్లు కాగితాలకు ఇటు వస్తడేమో. మాకు తెల్సని మాత్రం ఆయనకు చెప్పకుండ్రి."

"చెప్పను" అంది ఆతియా.