రిమ్ములో మిగిలిన బురద

కొండల మీంచి దిగిన జీపులన్నీ ముందు సల్వోర్ షెడ్డు దగ్గరే ఆగేవి. నడుమెత్తు టైర్లు. ఆమె పైపుతో నీళ్ళు కొట్టి, గాట్ల మధ్య ఇరుక్కున్న రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో పీకేది. చలి ముదిరే ముందు తారు పోగొట్టే మందు పెట్టి రుద్దేది. తారు పట్టిన టైరు మంచురోడ్డు మీద సబ్బుముక్కలా జారుతుంది మరి. రాలిన బురద కాసేపు అక్కడే ఆరేది. ఆరాక లేచి, రోడ్డు అంచు పట్టుకుని, ఎక్కడ అంటుకుందో అక్కడికి వెళ్ళిపోయేది. గొర్రెలకి ఆగినట్టే బళ్ళవాళ్ళు దానికీ ఆగేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం స్టూర్లా జీపు వచ్చింది. టైర్లు మెరుస్తున్నాయి. మందు వాసన గుప్పున కొట్టింది.

స్టూర్లా ఆమె తమ్ముడు ఓర్రికి చిన్నప్పట్నుంచీ స్నేహితుడు. నిన్న ఇద్దరూ కలిసి పైకెళ్ళారు, పొద్దున వీడొక్కడే దిగాడు. చెరువు పక్క గుడిసె దగ్గర పొగమంచు కమ్మిందని, దారి చూస్తానని దిగిన ఓర్రి మళ్ళీ రాలేదని చెప్పాడు. ఊళ్ళో వాళ్ళంతా చెరువు చుట్టూ వెతుకుతున్నారు. కానీ ఓర్రి ఆ కొండలకి కాపలా ఉద్యోగి. కళ్ళు మూసుకుని గుడిసె చేరగలడు. పొద్దున్నుంచీ సల్వోర్‌ని ఇదే తొలిచేస్తోంది.

"గాలి కొట్టు సల్లా. మళ్ళీ పైకెళ్ళాలి," అన్నాడు స్టూర్లా, ఎప్పటిలా ఆమె పేరు కుదించి.

"టైర్లెక్కడ కడిగావ్?"

"ఏట్లో."

"ఏట్లో కడిగిన బురద సముద్రంలోకి పోతుంది. ఇంక తిరిగి రాదు."

"అయితే?"

"అయితే ఏం లేదు. మందు కూడా ఏట్లోనే దొరికిందా?"

"ఇంట్లో ఉంటే రుద్దాను. బ్రేకు పట్టట్లేదు."

"వాడు చలిలో ఎక్కడ పడున్నాడో తెలీదు, నీకు బ్రేకు గుర్తొచ్చింది."

"ఊరంతా చూసినట్టు నువ్వూ చూడకు."

"ఊరింకా మర్యాదగానే చూస్తోంది."

అతను మొహం తిప్పుకుని కాఫీ పోసుకున్నాడు. ఆమె వంగి గాలి చూసింది. దాదాపు లేదు. గుడిసె దాకా గట్టిరోడ్డే, అంత గాలి తీయాల్సిన పనే లేదు. కూరుకుపోయే మెత్తటి నేల మీదికెళ్ళేవాళ్ళే తీస్తారు. ఇక్కడ మెత్తటి నేలంటే నాచు. దాని మీద ఒక్కసారి చక్రం దిగితే ఆ గాడి మనిషి జీవితకాలంలో పూడదు. నాచు మీద బండి తోలినవాణ్ణి ఊళ్ళో దొంగకన్నా హీనంగా చూస్తారు. ఓర్రి అయితే టూరిస్టుల్ని ఏడ్చేదాకా తిట్టి జరిమానా రాస్తాడు.

గాలి తక్కువగా నడిపితే టైరుకీ రిమ్ముకీ మధ్య బురద దూరుతుంది. ఎంత కడిగినా అక్కడికి నీళ్ళు పోవు. సల్వోర్ వాల్వు పీకి, అంచున లీవరు దూర్చి, కాలితో తొక్కింది. పిడికెడు నల్లబురద, దాంతోపాటు పచ్చటి నాచుముక్క కింద పడ్డాయి.

స్టూర్లా కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది.

ఇద్దరూ బురదనే చూస్తూ నిలబడ్డారు. ఎడమకెళ్తే చెరువు, కుడికెళ్తే వంతెన. బురద ఆరింది, కదిలింది, గేటు దాటి కుడికి తిరిగింది.

"గాలికి కొట్టుకుపోతోంది," అన్నాడు.

"గాలి ఎదురొస్తోంది."

అతను జీపు మెట్టు మీద కూలబడ్డాడు. "సరే. చెరువు కాదు, వంతెన అవతలి రాళ్ళ మైదానం. నాచు మీదికి నేనే తోలాను. తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేం అనుకున్నా. నేనే వెనక్కెళ్ళి తెచ్చేద్దామని..."

"ఎక్కడో చూపించు."

"పొగమంచులో తోలాం సల్లా. ఎక్కడో నాకే తెలీదు."

"దారి తెలిసిన బురదని ఏట్లో కలిపేసి వచ్చావన్నమాట."

ఆమె వైర్‌లెస్‌లో వెతికేవాళ్ళని వంతెన వైపు రమ్మంది. స్టూర్లాని తన బండిలోకి తోసి, బురద వెనకే పోనిచ్చింది. అది మనిషి నడకలాగే పోతోంది, తొందరపెట్టడానికి లేదు. అవతల కొండ మీద మబ్బు దిగుతోంది. అద్దంలో అతన్ని చూసినప్పుడల్లా వీడింకా ఏదో దాస్తున్నాడనే ఆమెకి అనిపించింది.

రోడ్డు అయిపోయిన చోట బురద నాచులోకి మళ్ళింది. వీళ్ళు దిగి, రాయి మీంచి రాయి మీదికి అడుగులేస్తూ వెంటపడ్డారు. ముందు రెండు పొడుగాటి చక్రాల గాడులు కనిపించాయి. బురద ఒకదాంట్లోకి దిగి, సర్దుకుని పడుకుంది. దానికి పిలుపందేంత దూరంలో, రాళ్ళ సందులో ఓర్రి ఉన్నాడు. కాలు విరిగింది, పెదాలు నీలమయ్యాయి, ఊపిరి ఆడుతోంది.

సల్వోర్ కోటు విప్పుతూ పక్కన కూర్చుంది. వాడు ఆమె భుజం మీంచి వెనక్కి చూశాడు. స్టూర్లా అక్కడే, పట్టుబడ్డవాడిలా, జేబుల్లో చేతులు పెట్టుకుని ఆగిపోయాడు.

"బండి ఎవరు తోలారని చెప్పాడు?" అన్నాడు ఓర్రి.

ఆమె చెయ్యి ఆగింది. "తనేనన్నాడు."

ఓర్రి కళ్ళు మూసుకున్నాడు. "నేను వాడికి స్టీరింగే ఇవ్వలేదు. నా ఉద్యోగం పోతుందని... బండి దిగే ముందు, గుడిసె దగ్గరున్నామని చెప్పమని నేనే ఒట్టు వేయించుకున్నా."

సల్వోర్ కోటు తమ్ముడికి కప్పింది. మెడదాకా గుండీలు పెట్టింది, కావాల్సినదానికన్నా గట్టిగా. దూరంగా వెతికేవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి.

"స్టూర్లా, రా, తలవైపు నువ్వు పట్టుకో," అంది. తమ్ముడి వైపు వంగి, "వాళ్ళొచ్చేస్తున్నారు. వాడు మళ్ళీ తప్పు నెత్తినేసుకునేలోపు నువ్వు నోరు తెరువు," అంది.