గుట్టవైపు జాగా

మా వదిన బిక్షమ్మతో పని చేయడమంటే తలనొప్పి. ఆ పది రోజులూ నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు.

కోస్గి దగ్గర కృష్ణయ్య పటేలు తోట ఏడేళ్లుగా చూసే దిక్కు లేక కంపలో మునిగిపోయింది. నిమ్మచెట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. పది రోజుల్లో రెవెన్యూ గిర్దావరు భూముల తనిఖీకి వస్తాడు. సాగు కనబడకపోతే పడావు భూమి అని రాసిపోతాడు. అందుకని పటేలు నిప్పు పెట్టిద్దామనుకున్నాడు. మా దగ్గర అదే పద్ధతి. నాలుగు దిక్కులా అంటించి బయట కట్టెలు పట్టుకుని నిలబడితే కుందేళ్లూ, కౌజు పిట్టలూ కాళ్ల దగ్గరికే వచ్చి పడతాయి. ఊరంతా కూరకు ఎదురుచూస్తోంది.

వదిన అడ్డం పడింది. "నిప్పు పెడితె నిమ్మచెట్లు గూడ మాడుతయ్ పటేలా. నేనూ, మా ఆడిబిడ్డ జంగమ్మ కొడవండ్లతోని కొట్టి ఇస్తం. కూలి వద్దు. గుడిసెకు జర జాగ ఇయ్యి."

"పది దినాలల్ల అయితదా?"

"అయితది."

"అయితె తోటల మీకు నచ్చిన కాడ ఏస్కోండ్రి. గిర్దావరుతోని రాయిస్త. తోటల ఒక్క పొద మిగిలినా జాగ లేదు, చెప్తున్న."

మేమిద్దరం మొగుళ్లు పోయినవాళ్లం. వేరేవాళ్ల కొట్టంలో బర్రెల పక్కన పడుకునేవాళ్లం. జాగా అనగానే నా ప్రాణం లేచొచ్చింది. బావి పక్కన పెద్ద జామచెట్టు కింద చోటు అప్పుడే చూసిపెట్టుకున్నాను.

పొదల్లోని జీవాలు తోట పక్కనున్న గుట్ట మీదికి పారిపోవడానికి దారి ఉండాలని, వదిన బావి దగ్గర మొదలుపెట్టి గుట్టవైపే నరుక్కుంటూ పోయింది. ప్రతి పొదనూ ముందు కట్టెతో తట్టి, ఆగి, తర్వాతే కొడవలి వేసేది.

"ఏందొదినా, కుందేలు మూట సర్దుకునేదాక ఆగుతున్నవా?" అనేదాన్ని.

"నోరు మూసుకోని నరుకు."

చేతులు ముళ్లకు చీరుకుపోయాయి. పదో రోజుకు గుట్టవైపు మూలలో ఒక్క పరికిపొద మిగిలింది. వదిన ఎంత తట్టినా ఏదీ లేవలేదు. కొమ్మ ఎత్తి చూస్తే కౌజు పిట్ట, గుడ్ల మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"ఒక్క పిట్ట కోసం జాగ పోగొట్టుకుంటమా? నరుకు!" అని అరిచాను. నిజంగానే ఏడుపొచ్చింది. వదిన కొడవలి నడుముకు చెక్కుకుంది.

అంతలో గిర్దావరును వెంటబెట్టుకుని పటేలు వచ్చాడు. "గదేంది, పొద మిగిలింది?"

నేను ఆయన కాళ్ల మీద పడబోతే వదిన నా రెక్క పట్టి ఆపింది.

"తోటల పొద లేదు పటేలా. గిది మా గుడిసె జాగ. నచ్చిన కాడ అన్నవు గద. గీడనే నచ్చింది."

"బావి పక్క ఇడిసిపెట్టి గీ రాళ్లల్లనా? పిచ్చి లేసిందా?"

"లేసిందనుకో. రాయించు."

గిర్దావరు నవ్వి కాగితం తీశాడు. ఆయన ముందు మాట తప్పడానికి పటేలుకు మొహం చెల్లలేదు.

ఇక బతికినన్నాళ్లూ నీళ్లకు తోట ఆ చివరికి నడవాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే రాళ్లు ఎత్తుకొచ్చి నాలుగు మూలలా హద్దు పెట్టాను. అప్పుడే పటేలు జీతగాడు బక్కయ్య కట్టె పట్టుకుని పొదవైపు వచ్చాడు.

"జర పిట్టను పట్టుకపోత."

"మా జాగల అడుగు పెట్టినవంటే కాలిరగ్గొడ్త!"

అరిచింది నేనే. బక్కయ్య వెనక్కి తిరిగి పోయాడు. వదిన నా వైపు చూసింది. నేను వంగి హద్దురాయి సర్దాను. నాకింకా కోపం తగ్గలేదు.