తెర మీద పల్లవి

చర్చిలో ప్రొజెక్టర్ పెట్టిన కొత్తలో అందరూ మురిసిపోయారు. ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. జనం చరణం ముగించి మళ్ళీ పల్లవి ఎత్తుకునేసరికి, తెర మీద రెండో చరణం వచ్చి కూర్చునేది.

"ఏమ్మా సారికా, మీ కంప్యూటరుకి ఆకలేస్తోందా ఏంటి? మనకంటే ముందే ఇంటికెళ్ళిపోయేలా ఉంది," అంది సంపూర్ణమ్మ కోడలి చెవిలో. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సారిక నవ్వలేదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె హైదరాబాదులో కోడ్ రాసే ఉద్యోగం చేసేది. పాప పుట్టాక అది మానేసి, భర్త విజయ్ పాల్ టీచరుగా పనిచేస్తున్న మండపేట వచ్చేసింది. పాటలు చూపించే ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తీరిక చేసుకుని, కలిసి, డబ్బు తీసుకోకుండా ఊరికే రాస్తున్నారు. ఎవరైనా ఒక మార్పు చేసి పంపొచ్చు. ఆ మధ్యాహ్నం సారిక బీరువాలోంచి లాప్‌టాప్ తీసి దుమ్ము తుడిచింది.

ప్రతి చరణం తర్వాతా పల్లవి తిరిగి వచ్చేలా రాసింది. పంపేటప్పుడు మాత్రం, పని పూర్తయిందని తనంతట తాను రాయడానికి చెయ్యి రాలేదు. ఆ మాట అనాల్సింది అక్కడి పెద్దవాళ్ళు. అందుకని, ఇంకా చిత్తుప్రతే అన్నట్టు 'డ్రాఫ్ట్' అన్న గుర్తు పెట్టి పంపింది.

ప్రాజెక్టు బాధ్యత చూసే ఇంగ్రిడ్ అనే ఆవిడ మర్నాడే జవాబిచ్చింది. ఆలోచన బాగుందట. అసలు పల్లవే లేని పాటయితే ఏమవుతుందో చూసే టెస్టు కూడా రాయమంది.

తనని ఎవరైనా అలాంటి ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో! కూరేం చేశావు, పాలవాడొచ్చాడా అని కాకుండా. సారిక ఆ రెండు ముక్కలే పదే పదే చదువుకుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి టెస్టు రాసి చేర్చేసింది.

ఆ తర్వాత అటునుంచి చడీచప్పుడూ లేదు.

స్టవ్ మీద పాలు పెట్టి ఓసారి, పాపని స్కూలు ఆటో ఎక్కించి ఓసారి ఫోన్ చూసుకునేది. ఊడ్పులు అయిపోయాయి, చేలు పొట్టకొచ్చాయి, మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరాయి. మెచ్చుకోకపోయినా పర్లేదు, ఆవిడ ఇంకో ప్రశ్న అడిగితే చాలనిపించేది.

"ఓసారి అడిగెయ్యరాదూ?" అన్నాడు విజయ్ పాల్.

"బాగోదండీ. పాపం ఊరికే చేస్తున్నారు. ఆవిడకి నా ఒక్కదాని పనేనా?"

"మా హెడ్మాస్టరు గారికి నీలా ఏదీ అడగనివాళ్ళే కావాలి," అని నవ్వాడతను.

ఆ వారం పాపకి జ్వరం. సారిక ఫోన్ ముట్టలేదు. ఆదివారం చర్చిలో మొదటి చరణం ముగిసింది. తెర ఒక్కసారి రెపరెపలాడి, పల్లవి వచ్చి నిలబడింది. తను పంపింది తీసుకున్నారనుకుంది సారిక. సంపూర్ణమ్మ కోడలి చెయ్యి గట్టిగా నొక్కింది.

సారిక వరండాలోకి వచ్చి ఫోన్ తెరిచింది. సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరిన ఆ మార్పు కింద ఎవరో బ్రెజిల్ మనిషి పేరు ఉంది. తను పంపిన దాని కింద ఇంగ్రిడ్ రాసింది: 'డ్రాఫ్ట్ అని ఉంటే మీరింకా రాస్తున్నారనుకున్నాం. చాలాకాలం మీ కోసం చూశాం. ఈలోగా మరొకరు పంపింది తీసుకున్నాం. మీది మూసేస్తున్నందుకు క్షమించండి.'

సంపూర్ణమ్మ వెనకాలే వచ్చింది. "బాగా చేశావే!"

"నేను కాదండీ అత్తయ్యా. వేరే ఆయన చేశాడు."

"మరి నువ్వు చేసిందో? అవ్వలేదా?"

"ఎప్పుడో అయిపోయిందండీ."

"అయిపోయిందని ఓ మాట చెప్పలేకపోయావటే?"

సారిక ఫోన్ ఆపేసింది. పెద్దావిడ కోడలి మొహం చూసి ఇంకేమీ అనకుండా, పైట సర్దుకుని లోపలికి వెళ్ళింది.

లోపల రెండో పాట ఎత్తుకున్నారు. చరణం కాగానే పల్లవి వచ్చింది, అన్ని గొంతులూ ఒక్కసారి కలిశాయి. గుమ్మంలో నిలబడి సారిక కూడా పెదవులు కదిపింది గానీ పాట పైకి రాలేదు. ఎక్కడో, పేరైనా తెలియని ఊళ్ళో, ఇన్నాళ్ళూ తన కోసం కూడా ఎవరో ఎదురుచూశారన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.