చప్పట్లు కొట్టొద్దన్నాను

పాస్టరమ్మకు నేను ఒకటే చెప్పాను. మసీనా నోరు విప్పితే ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, ఏమీ జరగనట్టు తరువాతి పిల్లను పిలవాలి. "అలాగేలే లోసా, నాకు తెలియదా," అంది. ఏం తెలుసు ఆవిడకు, నా తలకాయ.

మసీనా మా చెల్లి కూతురు, ఏడేళ్లు. చెల్లి ఆక్లాండులో పనిచేస్తుంది, పిల్ల పుట్టినప్పటి నుంచీ నా దగ్గరే. ఇంట్లో వాగుడుకాయ. పరాయివాళ్ల ముందుకొస్తే గొంతు బిగుసుకుపోతుంది. పొగరన్నారు కొందరు, దయ్యం పట్టిందన్నారు కొందరు. అది భయమని ఆపియా పట్నంలో డాక్టరమ్మ చెప్పేదాకా నేనూ నాలుగు తగిలించినదాన్నే. తలుచుకుంటే నా చేతులంటే నాకే అసహ్యం.

మా సమోవాలో తెల్లబట్టల ఆదివారమని పిల్లల పండుగ, ఆనాడు ప్రతి పిల్లా చర్చిలో బైబిలు వాక్యం ఒకటి కంఠతా చెప్పాలి. నిరుడు, చెప్పేదాకా కదలొద్దని పాస్టరమ్మ దీన్ని ముందు నిలబెట్టింది. తెల్ల గౌను తడిసిపోయింది. ఊరంతా చూసింది.

ఆ తరువాత ఏడాదిపాటు సాయంత్రాలు దాన్ని ఖాళీ చర్చికి తీసుకెళ్లాను. మొదట మేమిద్దరమే. గుసగుసగా చెప్పేది. తరువాత మా అక్క కూతుర్ని తలుపు దగ్గర నిలబెట్టాను, ఇంకొన్నాళ్లకు బెంచీ మీద కూర్చోబెట్టాను. అలా ఒక్కొక్కరినే చేర్చుకుంటూ పదకొండుమంది దాకా వచ్చాం.

ఈ ఏటి తెల్లబట్టల ఆదివారం మసీనా లేచి, నా ముఖమే చూస్తూ, ఆరు మాటల వాక్యం మొత్తం చెప్పింది. మూడో వరుసలో ఉన్న నాకు వినిపించింది.

పాస్టరమ్మ మైకు అందుకుంది. "చూశారా, మూగపిల్ల మాట్లాడింది. దేవుని కార్యం. ఏదీ తల్లీ, ఇంకోసారి గట్టిగా చెప్పు, మీ అమ్మకు ఫోనులో పంపిద్దాం." చర్చి మొత్తం చప్పట్లు. మసీనా పెదవులు బిగుసుకుపోయాయి.

నేను వెళ్లి మైకు లాక్కున్నాను. "సిగ్గుందా అమ్మగారూ మీకు? ఏడాది కష్టం ఒక్క నిమిషంలో తగలేశారే. గొప్ప చూపించుకోడానికి నా పిల్లే దొరికిందా?" మా ఊళ్లో పాస్టరమ్మను అంతమాట అన్నవాళ్లు లేరు. ఊరిపెద్దలు మా ఇంటికి ఒక పందిని జరిమానాగా వేస్తారు. వేసుకోనీ.

కానీ నా అరుపు మైకులోంచి చర్చి అంతా మోగింది. అందరి కళ్లూ పిల్ల మీదికే తిరిగాయి. తిరగకూడదనే కదా నేను ఏడాది తిప్పలు పడింది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగింది. పాస్టరమ్మ నుంచి కాదు, నా నుంచి.

ఆ పండుగ రోజు ఇంట్లో పిల్లలే ముందు తింటారు, పెద్దలం వడ్డిస్తాం. చాప మీద కూర్చోబెట్టి చేప, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులు పెట్టాను. ముట్టుకోలేదు.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?" అన్నాను. చర్చిలోలాగే పెదవులు బిగించి తల దించుకుంది.

నా మీద కోపమా అని అడగబోయి నోరు మూసుకున్నాను. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. పరాయివాళ్లెవరూ లేరు.