జంబో చూడబోయిన అమావాస్య

దేవరాజులు ఒక్క మాట తప్పాడు. పెండ్లాం అలివేలమ్మ అతని మీద చెప్పే ఫిర్యాదు అదొక్కటే. తాగి రావడం, చెయ్యెత్తడం నగరి నేతవీధిలో ఫిర్యాదు కింద ఎవరూ తీసుకోరు గనక ఆమె వాటి జోలికి పోలేదు.

ఆమెకు పుట్టింటివాళ్లు రాసిచ్చిన మాగాణి ఉంది. దాన్ని అమ్మి పవర్‌లూమ్ కొనాలని దేవరాజులు పట్టుబట్టాడు. రోజూ సణిగాడు. ఒకనాడు రాట్నం ముందు మగ్గానికి నూలు కండెలు చుడుతూ అలివేలమ్మ అంది: "మన కొండ మీద పోతాదే పెద్ద ఇమానం, జంబో. అది దిగేది దగ్గర్నుంచి సూపిస్తే సంతకం పెడతా."

అత్త గంగులమ్మ పగలబడి నవ్వింది. "కమ్మలడుగుతాదనుకుంటి. ఇమానం అడిగిందే నీ పెండ్లాం!"

"సూపిస్తాలే. మద్రాసు యాడో ఉండాదా?" అన్నాడు దేవరాజులు.

మగ్గాలు ఆగేది అమావాస్య నాడే గనక ప్రయాణం ఆ రోజుకే కుదిరింది. అమావాస్యనాడు సంతకం పెట్టరు, పాడ్యమినాడూ పెట్టరు. మాగాణి కొనే దామోదరాన్ని విదియనాడు రమ్మన్నారు. అలా జంబో ముందు, సంతకం తర్వాత అయింది. లేకుంటే ఏదీ ముందుగా ఇచ్చే మనిషి కాదు దేవరాజులు.

అమావాస్య మగ్గానికి సెలవు గానీ రాట్నానికి కాదు. మరునాటి కండెలు చుట్టి, పులిహోర కలిపి, మూటలు మోసుకుని అలివేలమ్మ బస్సెక్కింది. మద్రాసు మీనంబాకంలో విమానాలు చూసే మేడకు టికెట్టు పెట్టారు. దేవరాజులు తనకు, తల్లికి, తమ్ముడు ఆదికేశవులుకు కొన్నాడు.

"మూటలు పైకి తేగూడదంట. నువ్వీడే కూర్చో" అన్నాడు అలివేలమ్మతో.

గంగులమ్మ చెప్పులు విడిచింది. "అంత పెద్దదాని కాడికి చెప్పుల్తో యాడ పోతాం? సూసుకోమ్మే." అది చూసి కొడుకులిద్దరూ విడిచారు. ముగ్గురి చెప్పులు, మూడు మూటలు, అలివేలమ్మ మెట్ల కింద మిగిలారు.

ఆమెకు కావలసింది రెక్కలు కాదు. పక్కింటి చంద్రకాంతమ్మ ఒకసారి చెప్పింది, అందులో ఆడవాళ్లు కూడా సముద్రాలు దాటి సీమకు పోతారని, గంటల తరబడి ఊరికే కూర్చుంటారని, అన్నం కూర్చున్న చోటికే వస్తుందని. ఊరికే కూర్చునే ఆడది ఎలా ఉంటుంది? చేతులు ఎక్కడ పెట్టుకుంటుంది? దిగేటప్పుడు నడుం పట్టుకుంటుందా, పట్టుకోదా? అలివేలమ్మకు జ్వరం వచ్చినప్పుడు కూడా కండె చేతిలో ఉండేది. "నువ్వు చుట్టేది పనా? కూర్చునేదే గదా" అనేవాడు దేవరాజులు. కూలి మగ్గానికి వచ్చేది, మగ్గం అతనిది. విమానం నిచ్చెన మీద దిగే ఆ ఆడవాళ్లలో ఒక్కదాని మొహం చూస్తే చాలనుకుంది. అంతలో నేల అదిరింది. పైన జనం కేకలు పెట్టారు. ఆమె లేచి నిలబడింది. ప్రహరీ మీదుగా ఇంటి కన్నా ఎత్తైన తోక ఒకటి మెల్లగా జరిగిపోయింది. చెప్పులు వదిలి రెండడుగులు వేస్తే చూడ్డానికి సందు దొరికేది. "సూసుకోమ్మే" అన్న మాట కాళ్లకు అడ్డం పడింది. అత్త మీద కాదు, ఆ కాళ్ల మీదే ఆమెకు కోపం వచ్చింది.

ముగ్గురూ దిగివచ్చి పులిహోరకు కూర్చున్నారు.

"అబ్బా, ఏం కడుపురా దానికి!" అన్నాడు ఆదికేశవులు.

"దిగినోళ్లలో ఆడోళ్లు ఉండారా?" అంది అలివేలమ్మ.

"ఉండార్లే. నీ మాదిరిగా మూటలు మొయ్యరు వాళ్లు" అని దేవరాజులు నవ్వాడు.

"నేను సూడనే లేదయ్యా."

"ఒకరి టికెట్టు దండగ ఎందుకే? తెల్లంగా ఉండాది, మూపురం ఉండాది, అంతే. చెప్తా ఉండాను గదా, సూసినట్టే లెక్కేసుకో."

ఆమె అతని ఆకులో ఇంకొంచెం పులిహోర వడ్డించింది.

విదియనాడు దామోదరం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దేవరాజులు ఉతికిన పంచె కట్టాడు. "ఏమే, లెయ్. రిజిస్ట్రాఫీసు తెరిచేస్తారు."

అలివేలమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆ రోజు చేతిలో కండె లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"సంతకం పెడతానని చెప్పినా గదయ్యా. పెట్టినట్టే లెక్కేసుకో."

"ఏందప్పా దేవరాజులూ ఇది?" అని దామోదరం లేచిపోయాడు.

దేవరాజులు ఆ పూట చెయ్యెత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఆమె లేవలేదు. పెండ్లాం తన ఆస్తి మింగిందని నగరి అంగళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఏనాడూ అతని పేర లేని ఆ ఆస్తి, కార్వేటినగరం చెరువు కింద ఎకరా ఇరవై మూడు సెంట్ల మాగాణి.