పిల్బీమ్ గారి బంతిపూలు

విక్టోరియా రాణి కాలంలో కట్టిన మా ఆష్‌కూంబ్ స్టేషన్‌ని, ఎక్కేవాళ్లు లేరంటూ మూసేస్తామన్నారు. ఎందరు ఎక్కుతున్నారో చూడటానికి శనివారం ఒక అధికారి వస్తాడని తెలిసింది. ఊరందరి చేత టికెట్లు కొనిపించి తీసుకెళ్లాను.

గేటు దగ్గర స్టేషన్ మాస్టర్ పిల్బీమ్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. స్టేషన్ తోటల పోటీలో ఏటా కప్పు ఆయనదే. లోపల ప్లాట్‌ఫాం మీద టోపీవాలా ఒకడు తిరుగుతున్నాడు.

"ష్, హెట్టీ! పూల జడ్జీ వచ్చాడు. ఆయన వెళ్లేదాకా ఎవరూ లోపల కాలు పెట్టొద్దు, పొద్దున్నే కడిగాను."

"జడ్జీయా? పూల వంక చూస్తున్నాడా ఆయన? ఖాళీ బెంచీల వంక చూస్తున్నాడు. స్టేషన్ మూసేవాడు ఆయనే మహానుభావా!"

పిల్బీమ్ ముఖం పాలిపోయింది. "అయ్యో, టీ ఇచ్చి మరీ చెప్పానే, ఇక్కడ ఎప్పుడూ ఇంత ప్రశాంతంగానే ఉంటుందని!"

"భలే చెప్పారు. ముందు తప్పుకోండి."

అప్పుడే రైలు కూత వేసింది. ఆయన గేటు తీశాడు. మావాళ్లు స్టేషన్ పోయినా సరే, వరుస మాత్రం తప్పరు. ఒక్కొక్కరే, మెల్లగా, టోపీలు సర్దుకుంటూ కదిలారు. ఇలాగైతే రైలు వెళ్లిపోయేది.

పిల్బీమ్ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, గేటుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఉన్న తన బంతిపూల మడిలోకి తానే దిగాడు. "ఇటు రండర్రా, ఇదే దగ్గర దారి!" అని అరిచాడు.

ఊరంతా తొక్కుకుంటూ పోయి రైలెక్కింది. అధికారి నోరు తెరిచి చూశాడు.

స్టేషన్ నిలిచింది. కప్పు పక్క ఊరికి పోయింది. పిల్బీమ్ నాతో ఇప్పటికీ బాగానే మాట్లాడతాడు, కాకపోతే నా బూట్ల వంక చూస్తూ.